మూడు విజిళ్ల హేరంబ్

పదకొండు కొట్టగానే మా ఆయనకు రెండో టీ ఇచ్చేదాన్ని. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని తనతో తనే పేకాట ఆడుతూ ఉండేవారు. ఓడిపోతే టీలో చక్కెర తక్కువైందనేవారు. గెలిస్తే ఏమీ అనేవారు కాదు, కప్పు ఖాళీ చేసి పెట్టేవారు. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టాక ఆ కంప్యూటరుకు తొడుగు కప్పడం నా పని. నేను అల్లిన క్రోషా తొడుగు, మధ్యలో నెమలి. "పుణె ఎండల్లో యంత్రానికి స్వెట్టర్ వేసే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను" అని ఆయన నవ్వేవారు.

పోయిన కార్తీకంలో ఆయన వెళ్లిపోయారు. పదకొండు అయ్యేసరికి చెయ్యి దానంతటదే రెండు కప్పులకు నీళ్లు పెట్టేది. పారబోయడానికి మనసొప్పక రెండూ నేనే తాగేదాన్ని. ఛాతీలో మంట మొదలై డాక్టరు దగ్గరికి వెళితే, "ఇది దుఃఖం కాదమ్మా, టీ" అన్నాడు. పొద్దున తొడుగు తీసి దుమ్ము దులపడం, దీపం పెట్టాక మళ్లీ కప్పడం మాత్రం మానలేదు. దాని ముందు ఎవరూ కూర్చోకపోయినా.

ఇప్పుడు ఆ రెండో కప్పు హేరంబ్ తాగుతున్నాడు. ఛాతీలో మంట తగ్గింది.

హేరంబ్ మా ఎదురింటి కుముద్ తాయి కొడుకు. నలభై దాటాయి, పెళ్లి కాలేదు. చొక్కా గుండీలు ఎప్పుడూ ఒకటి తేడాగా పెట్టుకుంటాడు. చిన్నప్పుడు ఒక రేడియో చేశాడు. అది బాగానే పాడేది, కాకపోతే దాని తీగ కొస అతను చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితేనే పాడేది. వాళ్ల నాన్న ప్రభాకర్‌రావు గారు క్రికెట్ వినాలనుకున్న రోజు కొడుక్కి ముందుగా అన్నం పెట్టించేవారు, ఆట మధ్యలో ఆకలేసి తీగ వదిలేయకుండా. ఆ తర్వాత ఒక ఫ్యాను చేశాడు. అది అతను పక్కన కూర్చుని మధ్యమధ్య తడితే తిరిగేది. "నా కొడుకు చేసినవన్నీ బంగారం. కాకపోతే ప్రతిదానికీ వాణ్ణి కూడా జోడించి ఇవ్వాలి" అనేది కుముద్ తాయి.

పెద్దయ్యాక కంప్యూటరు కంపెనీలో చేరాడు. అక్కడ ఏం చేస్తావని ఒకసారి అడిగాను. ఇంకెవరో చేసే పెద్ద పనిలో, లోపల ఎక్కడో ఉండే చిన్న ముక్క చేస్తాడట.

"కూరలో ఉప్పులాగా అన్నమాట" అన్నాను.

"అంతకన్నా తక్కువ కాకూ. ఉప్పు లేకపోతే తెలుస్తుంది" అన్నాడు. పిన్నిని పిలిచినట్టు నన్ను ఇందూ కాకూ అంటాడు.

అందుకని సెలవు రోజుల్లో సొంతంగా ఏవేవో ప్రోగ్రాములు రాసుకునేవాడు. పెట్టెలో మామిడిపళ్లు ఏ రోజుకు మగ్గుతాయో చెప్పేది ఒకటి. మేడమీద వడియాలు ఎండపెట్టవచ్చో లేదో చెప్పేది ఒకటి. అన్నీ అతని కంప్యూటర్లో చక్కగా నడిచేవి. ఇంకెవరి కంప్యూటర్లోనూ తెరుచుకునేవి కావు. ఒకసారి పెళ్లిచూపులకు సాంగ్లీ వెళ్లాడు. అమ్మాయి పేరు కొడితే ఆ అక్షరాల చుట్టూ ముగ్గు వేసే ప్రోగ్రాము రాసి, అక్కడ తన కంప్యూటర్లో చూపించాడు. ఆ పిల్లకు నచ్చింది. "నాకు పంపండి, తీరిగ్గా చూస్తాను" అంది. పంపాడు. తెరుచుకోలేదు.

"ఆ సంబంధం కూడా" అంటుంది కుముద్ తాయి.

అప్పటి నుంచి అతనికి అదొక్కటే పట్టుదల. టీ తాగుతూ నాతోనే అన్నాడు. "నేను పక్కన లేకుండా, పరాయి ఇంట్లో, నేను చేసింది ఒక్కటి తెరుచుకోవాలి కాకూ. ఒక్కటి చాలు."

ఆ ఒక్కదానికి చైత్రగౌరి పేరంటం దారి చూపింది.

మా పేటలో మహిళా మండలం వాళ్లు ప్రతి చైత్రంలో హాల్లో గౌరిని ఉయ్యాల్లో కూర్చోబెట్టి పేరంటం చేస్తారు. పచ్చిమామిడి పానకం పన్హె, మామిడి కోరు కలిపిన శనగపప్పు, ఆ తర్వాత ఉఖాణాలు. ముత్తయిదువలందరూ వరసగా లేచి మొగుడి పేరు ప్రాసలో పొదిగి చెప్పాలి. పాతవాళ్లకు నోటికి వచ్చు. కొత్త కోడళ్లకు రాదు. వాళ్లు నిలబడి చీర కొంగు మెలిపెడుతుంటే, మండలంలో అందరికన్నా పెద్ద నోరున్న శకూ మావశీ, "మొగుడు దొరికాడు గానీ ప్రాస దొరకలేదా పిల్లా" అని ఏడిపిస్తుంది. ఏటా ఒకరిద్దరు నిజంగానే ఏడుస్తారు.

ఆ పిల్లల మీద జాలిపడి హేరంబ్ ఒక ప్రోగ్రాము రాశాడు. మొగుడి పేరు కొడితే ఉఖాణా అల్లి ఇస్తుంది. కుముద్ తాయి ఇంట్లో తన ఆయన పేరు కొట్టి చూసుకుంది.

"వంటింట్లో కుక్కర్, హాల్లో కూలర్,
నా నోట ఒకటే పేరు ప్రభాకర్."

ఆవిడ పొంగిపోయి, వెళ్లి మండలంలో అందరికీ చాటింపు వేసింది. ఈసారి మా హేరంబ్ మిషను అందరికీ ఉఖాణా ఇస్తుంది, హాల్లో పాటలు పెట్టే కంప్యూటర్లోనే ఉంటుంది, ఎవరూ ఏడవక్కర్లేదు అని. ఇంటికి వచ్చాక గాని తట్టలేదు, పేరంటంలోకి మగవాళ్లు రారని.

"ఇప్పుడేం చేస్తావురా. చీర కట్టుకుని వస్తావా" అంది.

"నేను రాకూడదు. అదే నడవాలి" అన్నాడు హేరంబ్.

ఆ రోజే మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో బొటనవేలంత పెన్‌డ్రైవు.

"కాకూ, కాకా కంప్యూటరు ఉందా?"

"ఉంది బాబూ. కానీ అందులో పేకాట తప్ప ఏమీ లేదు."

"అదే కావాలి. ఏమీ లేని కంప్యూటరు. నా దాంట్లో అన్నీ ఉన్నాయి, అందుకే అన్నీ నడుస్తాయి."

నేను తొడుగు తీసి మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాను. అతను ఆయన కుర్చీలో కూర్చోలేదు. వంటింట్లోంచి స్టూలు తెచ్చుకున్నాడు.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. అతను రాసే భాష పేరు పైథాన్. ఆ భాష కంప్యూటరుకు నేరుగా అర్థం కాదు, మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. అతని కంప్యూటర్లో దుబాసీ ఉన్నాడు, మా దాంట్లో లేడు. కనుక ప్రోగ్రాముతో పాటు దుబాసీని, దుబాసీ బట్టలను, పక్కబట్టలను, అన్నింటినీ మూటగట్టి పంపాలి. అలా మూటగట్టిన సంచి ఒకటి మా కంప్యూటర్లో పెట్టాడు. "గణపతి బొమ్మ ఉన్నదాన్ని రెండుసార్లు టకటకా నొక్కండి" అని చెప్పి, ఇంట్లోంచే చేసే ఆఫీసు పనికి వెళ్లాడు.

మర్నాడు టీకి వచ్చి సంచి తెరిచి చూశాడు.

"కాకూ, ఈ సంచిలో ఇంకా చాలా సామాను ఉండాలి కదా?"

"ఉండేది. సర్దాను."

"సర్దడమంటే?"

"నువ్వు గణపతి బొమ్మ నొక్కమన్నావు. దాన్ని ఉంచాను. మిగతావి ఏవేవో తోకల పేర్లు, వందలకొద్దీ, చూస్తేనే తల తిరిగింది. చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా ఖాళీ చేశాను."

కంప్యూటర్లో మా ఆయన నాకు నేర్పిన విద్య అదొక్కటే. అక్కర్లేనిదాన్ని చెత్తబుట్టలోకి లాగడం.

"దుబాసీని పారేశారు కాకూ" అన్నాడు హేరంబ్, మెల్లగా.

గుమ్మంలో నిలబడి వింటున్న కుముద్ తాయి లోపలికి వచ్చింది. "ఇల్లాలి చేతికి చిందరవందర సంచి ఇచ్చి, సర్దిందని ఏడిస్తే ఎలారా. పూర్ణమంతా బయట పళ్లెంలో పరిచి, పక్కన చపాతీ పెట్టి, దీన్ని పూరణ్‌పోళీ అనుకోమంటే ఎవరనుకుంటారు? లోపల పెట్టి మూసి ఇవ్వు."

అలా కుదురుతుందట. అన్నీ లోపల పెట్టి మూసి ఒకే ఒక్క బొమ్మగా చేసుకుని మర్నాడు తెచ్చాడు. అది పెట్టి వెళ్లాక నేను నొక్కాను. ఎర్ర గుర్తుతో ఇంగ్లీషులో ఏదో పెద్ద సంగతి వచ్చింది. నేను చదివింది ఏడో తరగతి, ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా తెలుసు. ఫోను చేసి ఒక్కొక్కటే చదివాను.

"హెచ్. ఇ. ఆర్. ఎ. ఎమ్. ఇంకో అక్షరం పొట్టలున్నది. హేరంబ్, ఇది నీ పేరే బాబూ. మా కంప్యూటరు నిన్ను అడుగుతోంది."

అవతల తల కొట్టుకున్న చప్పుడు వచ్చింది. ప్రాస మాటలన్నీ ఒక డబ్బాలో వేసి తన కంప్యూటర్లో తన పేరున్న అలమరలో పెట్టుకున్నాడు. ఆ డబ్బా సర్దడం మరిచాడు. కొత్త కోడలు అత్తారింట్లో పొద్దున్నే లేచి, చక్కెర కోసం పుట్టింటి అలమర వెతికినట్టు, అతని ప్రోగ్రాము మా ఇంట్లో వాళ్ల అలమర వెతుకుతోంది.

డబ్బా కూడా లోపల పెట్టాక తెరుచుకుంది. నిజంగానే తెరుచుకుంది. గులాబీ రంగు తెర, పేరు కొట్టేందుకు గడి, కింద మీట. హేరంబ్ స్టూలు తన్నేసి వాళ్లమ్మను పిలవడానికి పరిగెత్తాడు. ఇద్దరూ వచ్చేసరికి తెర ఖాళీగా ఉంది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. వెనకాల ఒక నల్ల పెట్టె తెరిచి ఉంది, మూసేశాను. దాంతో పాటు ముందరిది కూడా పోయింది."

"దాన్నెందుకు మూశారు కాకూ?"

"గౌరి పేరంటానికి వెళ్లే వస్తువు. వెనకాల అంత నల్లటిది ఎందుకని."

"అది దాని ఊపిరి" అన్నాడు.

"ఊపిరి ఎవరైనా గుమ్మం బయట పెట్టుకుంటారా?" అంది కుముద్ తాయి.

ఒక్క మాట చేరిస్తే ఆ నల్ల పెట్టె కనబడదట. ఇన్నేళ్లలో ఆ మాట చేర్చాలని అతనికి ఎందుకు తోచలేదంటే, ఆ నల్లదాన్ని అతను అసలు చూడనే లేదు. రోజూ చూసేవాళ్లకు గోడ మీద మచ్చ కనబడదు.

దాన్ని దాచాక ఇంకో చిక్కు. ఇదివరకు నొక్కగానే నల్ల పెట్టయినా వచ్చేది. ఇప్పుడు నొక్కితే ఏమీ రాదు. లోపల దుబాసీ మూట విప్పుకుని, బట్టలు కట్టుకుని, బయటికి రావడానికి సమయం పడుతుంది. అది నాకేం తెలుసు. నొక్కాను, రాలేదు. మళ్లీ నొక్కాను. గట్టిగా నొక్కాను. నన్ను వదిన వరసతో పిలిచే కుముద్ తాయి "నీ చేతిలో బలం లేదు వహినీ, ఇలా ఇవ్వు" అని తనూ నొక్కింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి గులాబీ తెరలు రావడం మొదలుపెట్టాయి. ఆపితే ఆగలేదు.

"ఒకసారి నొక్కి ఓపిక పట్టాలి ఆయీ" అన్నాడు హేరంబ్ తల్లితో.

"ఎంతసేపు పట్టాలి? కుక్కర్‌కైతే విజిల్ ఉంది. నీ దానికి ఏముంది? లోపల ఉడుకుతోందో, చల్లారిందో, అసలు గ్యాసు వెలిగిందో లేదో బయట నిలబడ్డవాళ్లకు ఎలా తెలుస్తుంది?"

ఆవిడ ఏడిపించడానికే అంది. హేరంబ్ మాత్రం స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. "కాకూ, మీ కుక్కర్ ఎక్కడుంది?"

విజిల్ చప్పుడు ఫోనులోకి ఎక్కించుకోవడానికి మా వంటింట్లో నిలబడ్డాడు. నేను నా ఒక్కదానికి గుప్పెడు బియ్యం పెట్టాను. ఆ కాస్తకు నా కుక్కర్ విజిల్ వేయదు, పక్కల నుంచి ఊరికే బుసకొడుతుంది. పాత కుక్కర్, నా పెళ్లినాటిది. విజిల్ కూడా జలుబు చేసిన మనిషి పిలిచినట్టు బొంగురుగా ఉంటుంది. అందుకని మళ్లీ నిండుగా పెట్టాను. కింద పప్పు, పైన అన్నం. చాలా రోజుల తర్వాత నిండుగా పెట్టాను. మూడు విజిళ్లు వచ్చాయి. ఆ అన్నం వృథా కాకూడదని హేరంబ్, కుముద్ తాయి, ప్రభాకర్‌రావు గారు, నేను మా ఇంట్లోనే తిన్నాం.

అలా తయారైంది. గణపతిని నొక్కితే తెర మీద కుక్కర్ బొమ్మ, కింద "కాస్త ఆగండి, ఉడుకుతోంది" అన్న మాట. సిద్ధం కాగానే మా కుక్కర్ మూడుసార్లు విజిల్ వేస్తుంది. అప్పుడు పేరు కొట్టాలి.

పేరంటం ముందు రోజు హాలు ఖాళీగా ఉన్నప్పుడు హేరంబ్ వెళ్లి దాన్ని మండలం కంప్యూటర్లో పెట్టి వచ్చాడు. దొంగ ప్రోగ్రాములను పట్టే కాపలావాడు ఒకడు అందులో ఉన్నాడట. కొత్త ముఖం, చంకలో మూట, లోపల ఎవరో దుబాసీ. చూడగానే దొంగేనని పట్టి గదిలో వేశాడు. హేరంబ్ వాడికి నచ్చజెప్పి విడిపించాడు. ఇంటికొచ్చి చెబుతుంటే, "వాడి తప్పేముంది, నీ గుండీలు చూసి ఉంటాడు" అంది కుముద్ తాయి.

ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది.

"వహినీ, రేపు నువ్వు రావాలి."

కార్తీకం నుంచి నేను పేరంటాలకు వెళ్లడం లేదు. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు.

"నువ్వు కుంకుమకు రానక్కర్లేదు. మెకానిక్‌గా రా" అంది. "దాని నాడి తెలిసినదానివి నువ్వొక్కదానివే."

హేరంబ్ వెనకాలే వచ్చాడు. "రండి కాకూ, కానీ చెయ్యి వేయొద్దు. మీరు చెయ్యి వేస్తే నేను వేసినట్టే లెక్క. ఊరికే కూర్చుని చూడండి. తెరుచుకుందో లేదో వచ్చి నాకు చెప్పండి."

"చెడిపోతే?"

"చెడిపోయిందని చెప్పండి."

వెళ్లాను. కంప్యూటరు పక్కన గోడవార కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కుంకుమ భరిణ వరసగా వస్తూ వస్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కకు వెళ్లింది. పన్హె గ్లాసు మాత్రం నాకు రెండుసార్లు వచ్చింది.

ముందు కుముద్ తాయి వెళ్లి గణపతిని నొక్కింది. కుక్కర్ బొమ్మ వచ్చింది. మూడు విజిళ్లు వచ్చాయి. పేరు కొట్టి, కూలర్, కుక్కర్ ఉఖాణా గట్టిగా చదివి, చప్పట్ల మధ్య, వంటయ్యాక మూత పెట్టే అలవాటుతో కాబోలు, దాన్ని మూసేసి వచ్చింది.

తర్వాత శకూ మావశీ లేచింది. ఆవిడ అప్పటిదాకా హాలు వెనకనున్న వంటగదిలో ఉంది. శనగలు కుక్కర్లో పెట్టి, మంట పెంచి వచ్చింది.

"నలభై ఏళ్లుగా నా ఉఖాణా నేనే కడుతున్నాను. ఈ డబ్బా ఏం కడుతుందో చూస్తాను" అని గణపతిని నొక్కింది.

సరిగ్గా అప్పుడే వంటగదిలో శనగలకు మొదటి విజిల్ వచ్చింది. తర్వాత రెండోది, మూడోది.

"మూడూ అయ్యాయి. ఏదీ?" అంది శకూ మావశీ, తెర వైపు వంగి.

"మళ్లీ నొక్కండి" అంది ఎవరో.

మళ్లీ నొక్కింది. వంటగదిలో ఇంకో విజిల్. "ఇదిగో, కూసింది. అయినా రాలేదు." మళ్లీ నొక్కింది. శనగల కుక్కర్ కూసినప్పుడల్లా ఆవిడ నొక్కుతోంది, ఆవిడ నొక్కినప్పుడల్లా అది కూస్తోంది. నాకు అరచేతులు దురద పెడుతున్నాయి. చెయ్యి వేయనని మాట ఇచ్చాను. చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఒక కోడలు వంటగదిలోకి పరిగెత్తి గ్యాసు ఆపేసింది. అప్పుడు కంప్యూటర్లో దుబాసీలు ఒక్కొక్కరే నిద్రలేచారు. మొదటివాడు మూడు విజిళ్లు వేశాడు. అవి అయ్యేలోపే రెండోవాడు, వాడి మీద మూడోవాడు.

"గ్యాసు కట్టేశాను, అయినా కూస్తోంది" అని లోపల్నుంచి ఆ పిల్ల కేక పెట్టింది.

"కట్టేసినా కూస్తోందంటే పేలుతుంది, బయటికి పదండి" అంది శకూ మావశీ.

హాలంతా లేచింది. చెప్పులు ఎవరివి ఎవరివో తొడుక్కున్నారు. ఇద్దరు గౌరిని ఉయ్యాలతో సహా ఎత్తారు, ఒకావిడ పన్హె బిందె చంకనెత్తుకుంది. నిమిషంలో అందరూ వీధిలో ఉన్నారు. హేరంబ్ అక్కడే, కిటికీ కింద గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు.

"పారిపో హేరంబ్, కుక్కర్ పేలుతోంది" అంది శకూ మావశీ.

"పేలదు మావశీ. అది ఇందూ కాకూ వాళ్ల కుక్కర్."

"వాళ్ల కుక్కర్ వాళ్లింట్లో ఉంది కదరా, అది ఇక్కడెందుకు కూస్తుంది?"

ఈ మాటలన్నీ కిటికీలోంచి నాకు వినపడుతూనే ఉన్నాయి. హాల్లో నేనొక్కదాన్నే మిగిలాను. భయం వేయలేదు. ఆ బొంగురు గొంతు నాకు తెలియనిదా. నా పెళ్లినాటి కుక్కర్ పదీ పదిహేను గొంతులతో ఒకేసారి కూస్తోంది, ఎదురుగా ఖాళీ హాలు, నేల మీద ఒంటరి చెప్పులు. మా ఆయన ఉంటే ఇది వెళ్లి చెప్పాలి అనుకున్నాను. నవ్వు వచ్చింది. ముందు చిన్నగా వచ్చింది, తర్వాత ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కుముద్ తాయి నన్ను తీసుకెళ్లడానికి పరిగెత్తుకొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇది నాది తాయీ" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ. "అందరినీ లోపలికి రమ్మను."

వచ్చారు. తెర నిండా గులాబీ గడులు, ఒకదాని మీద ఒకటి. శకూ మావశీ వెనక్కి తగ్గే మనిషి కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని ప్రతిదాంట్లోనూ మొగుడి పేరు దిగంబర్ అని కొట్టింది. ఒక్కొక్కటే చదివింది.

"బస్సుకో నంబర్, బంగళాకో నంబర్,
నాకు దక్కిన నంబర్ దిగంబర్."

"కుళాయి కారితే రావాలి ప్లంబర్,
నా కళ్లు కారితే రావాలి దిగంబర్."

"వచ్చేసింది డిసెంబర్,
స్వెట్టర్ వేసుకోమంటే వినడు దిగంబర్."

ఈ మూడోదానికి హాలు కూలిపోయినంత పని అయింది. గౌరి ఉయ్యాల కూడా ఊగింది. ఆ తర్వాత ఒక్క కోడలూ ఏడవలేదు. శకూ మావశీ వాళ్ల కోడలు దాన్ని తనతో తీసుకెళ్తానంటే, కుముద్ తాయి పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చింది.

ఇంటికి వస్తుంటే మెట్ల దగ్గర హేరంబ్ కూర్చుని ఉన్నాడు. ముఖం ఏమంత వెలుగుగా లేదు.

"తెరుచుకుంది బాబూ. అన్నీ తెరుచుకున్నాయి" అన్నాను.

"కానీ నేను కిటికీ దగ్గరే ఉన్నాను కదా కాకూ."

"రేడియోలాగే" అంది కుముద్ తాయి. ఆ మాట ఆవిడ ప్రేమగానే అంది. అతను తల ఇంకా దించుకున్నాడు.

మర్నాడు పదకొండింటి టీ దగ్గర అతని ఫోను మోగింది. ఎవరో తెలియని గొంతు. నాకు కూడా వినపడేంత గట్టి గొంతు.

"హేరంబ్ గారేనా? నేను శకుంతల గారి కోడలు చెల్లెల్ని, కోథ్రూడ్ నుంచి. అక్క మీ ఉఖాణా మిషను ఇచ్చింది. అది బాగాలేదండీ."

హేరంబ్ కప్పు కింద పెట్టాడు. "తెరుచుకోవడం లేదా?"

"తెరుచుకోకపోవడమేంటి, కుక్కర్ కూసింది, తెరుచుకుంది. సంగతి అది కాదు. మా ఆయన పేరు సమీర్. ఎన్నిసార్లు కొట్టినా ఖీర్ అనే వస్తోంది. ఆయనకు పాలు పడవండీ. రేపు మా అత్తగారి ముందు చెప్పాలి, ఖీర్ అంటే ఆవిడ నిజంగానే చేసి పెడుతుంది."

"కుక్కర్ కూసిందా?"

"కూసిందంటున్నా కదా."

"మీ ఇంట్లో? పక్కన ఎవరూ లేరు?"

"నేనూ మా పిల్లీ ఉన్నాం. అసలు మీరు నేను చెప్పేది వింటున్నారా?"

"వింటున్నానండీ. చెప్పండి. ఇంకా ఏమేం బాగాలేదు?"

ఆ అమ్మాయి చాలాసేపు తిట్టింది. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయంది, గులాబీ రంగు కంట్లో గుచ్చుకుంటోందంది. ఆ కుక్కర్‌కు జలుబు చేసిందా అని కూడా అడిగింది. హేరంబ్ అన్నింటికీ అవునండీ, అవునండీ అంటూ నవ్వుతున్నాడు. ఫోను పెట్టేశాక చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. లేచి వెళ్తూ చూసుకోకుండా ఆయన కుర్చీని తాకాడు, నొచ్చుకుని సరిగ్గా జరిపాడు.

"కూర్చోవచ్చు బాబూ. కుర్చీ కదా" అన్నాను.

కాసేపు కూర్చున్నాడు. తర్వాత, "ఇక మీ కంప్యూటర్లోంచి దీన్ని తీసేయనా కాకూ? మీకు అడ్డమేమో" అన్నాడు.

"ఉండనీ" అన్నాను.

సాయంత్రం ఎండ తగ్గాక నేను ఆ కుర్చీలో కూర్చుని గణపతిని నొక్కాను. ఒక్కసారే. కుక్కర్ బొమ్మ వచ్చింది. ఆగాను. మూడు విజిళ్లు అయ్యాక మోరేశ్వర్ అని కొట్టాను. ఆ పేరు నేను నోటితో అన్నది పెళ్లిలో ఒకసారి, ఆ తర్వాత పేరంటాల్లో. వేలితో కొట్టడం ఇదే మొదలు, అక్షరాలు వెతుక్కుంటూ కొట్టాను. ఆయన లేరని దానికి తెలియదు. అందరికీ అల్లినట్టే అల్లింది.

"పక్కకు దుప్పటి, దిండుకు కవర్,
ఇంట్లో ఎటు చూసినా మోరేశ్వర్."

రెండుసార్లు చదువుకున్నాను. అవతల కుముద్ తాయి వాళ్ల పూజ గంట వినపడింది. లేచి దేవుడి దగ్గర దీపం పెట్టాను. నెమలి తొడుగు కుర్చీ చేతి మీద మడత పెట్టి ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, రాత్రికి బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్లాను.